ఇరుక్కున్న చోట ఆగండి: విజయనగరం పల్లె బడిలో చిన్నపిల్లల ఆలోచన మీద ప్రాజెక్టు డైరీ

జూన్, బడి తెరిచే ముందు

గజపతినగరం వైపు ఒక పల్లెలో అంగన్‌వాడీ, ప్రాథమిక పాఠశాల ఒకే ఆవరణలో ఉన్నాయి. మూడేళ్ళ నుంచి ఏడేళ్ళ వరకు ఇరవై మంది పిల్లలు. 2020 జాతీయ విద్యా విధానం 3 నుంచి 8 ఏళ్ళ దాకా ఒకే పునాది దశగా లెక్కగట్టింది కాబట్టి అందరినీ కలిపే ఒక గదిలో కూర్చోబెడుతున్నాం. రోజూ ఉదయం గంటంపావు సేపు ఏం చెయ్యాలో పిల్లే నిర్ణయించుకోవాలి, చేసుకోవాలి, చేసినదాన్ని మళ్ళీ తనే తిరిగి చూసుకోవాలి. అమెరికాలో మిషిగన్ రాష్ట్రం ఇప్సిలాంటిలో డేవిడ్ వైకార్ట్ బృందం 1962లో మొదలుపెట్టిన ప్రీస్కూల్ పనిలోంచి వచ్చిన పద్ధతి ఇది. మన పల్లెకు తెచ్చుకునేటప్పుడు వరస మార్చనక్కర్లేదు, సామాను మార్చుకుంటే చాలు.

గంటంపావును ఇలా పంచాం: అనుకోవడానికి 10 నిమిషాలు, పనికి 45, సర్దడానికి 10, చెప్పుకోవడానికి 10. పని సమయాన్ని అరగంటకు తగ్గిస్తే పని వేడెక్కే వేళకు సర్దమనాల్సి వస్తుంది. 45కి తక్కువ ఒప్పుకోవద్దు.

గదికి నాలుగు మూలలు: కట్టుడు మూల, నీళ్ళ మూల, గీత మూల, ఆటల మూల. ఒక్కో మూలకు ఐదుగురే. గోడకు అట్ట కొట్టి నాలుగు మూలల బొమ్మలు వేసి, ఒక్కో బొమ్మ కింద ఐదు బట్టల క్లిప్పులు పెట్టాం. ప్రతి పిల్లకూ ఒక గుర్తు చీటీ ఉంటుంది: చేప, గవ్వ, తాటిచెట్టు, నాగలి, ఇలా. ఖాళీ క్లిప్పు ఉంటేనే ఆ మూలకు వెళ్ళాలి. "ఇక్కడ నిండిపోయింది, వేరే చోటికి వెళ్ళు" అని పెద్దవాళ్ళు చెప్పే పని దీంతో తప్పుతుంది. ఆ మాట క్లిప్పే చెబుతుంది.

చెక్క దిమ్మల గురించి కాస్త వివరంగా రాయాలి, ఎందుకంటే చాలాచోట్ల పని చెడేది ఇక్కడే. అసలు కొలత 14 × 7 × 3.5 సెంటీమీటర్లు. దాంట్లో సగం 7 × 7 × 3.5. రెట్టింపు 28 × 7 × 3.5. మందం అన్నిటికీ ఒకటే. ఐదుగురికి అసలువి 40, సగాలు 24, రెట్టింపులు 16, వాటికీ రెట్టింపువి 6 ఉంటే సరిపోతాయి. కలప అడితిలో మిగిలిన ముక్కలు ఏరుకుని వడ్రంగి చేత కోయించవచ్చు. వేప, టేకు ముక్కలు బాగుంటాయి. పచ్చి మామిడి చెక్క వద్దు, మొదటి వానకే మెలిక తిరుగుతుంది, బూజు పడుతుంది. వడ్రంగికి ముందే గట్టిగా చెప్పాల్సింది ఒకటుంది: ఒక మిల్లీమీటరుకు మించి తేడా రాకూడదు. రెండు సగాలు కలిపితే ఒకటి కావాలి. కాకపోతే గోడ కట్టే పిల్ల "రెండు చిన్నవి ఒక పెద్దదానికి సమానం" అన్న సంగతిని తన చేతితో కనుక్కోలేదు. వంకర దిమ్మ పిల్లకు అబద్ధం చెబుతుంది. అంచులకు 80 నంబరు ఉప్పుకాగితం, తరవాత 120 పట్టించి, అవిసె నూనె పూసి రెండు రోజులు ఆరబెట్టాం. వార్నిష్ వెయ్యలేదు, వేస్తే దిమ్మ మీద దిమ్మ జారుతుంది.

జూన్ చివర

అనుకోవడం కుదరడం లేదు. ఇరవై మందినీ గుండ్రంగా కూర్చోబెట్టి "ఏం చేస్తావు?" అని వరసగా అడిగితే మొదటి పిల్ల ఏమంటే అందరూ అదే అంటున్నారు. పది నిమిషాల పని అరగంట తీసుకుంటోంది. చివర కూర్చున్న పిల్లలు అప్పటికే ఒకరినొకరు గిల్లుకుంటున్నారు.

మార్చింది ఇది. ఐదుగురు చొప్పున జట్లు కట్టాం. ఒక జట్టు అనుకుంటుంటే మిగతావాళ్ళు చేతులు కడుక్కోవడం, నీళ్ళ సీసాలు సర్దుకోవడం చేస్తారు. పిల్ల తనకు కావలసిన వస్తువు ఒకటి ముందుగా చేత్తో తెచ్చుకుని కూర్చుంటుంది. చేతిలో వస్తువుంటే పక్కవాళ్ళ మాట అరువు తెచ్చుకోదు. అడిగే ప్రశ్నలు రెండే: "దీంతో ఏం చేస్తావు? దానికి ఇంకా ఏం కావాలి?" ఆలోచన ఉండేది ఆ రెండో ప్రశ్నలోనే. "బండి కడతాను" అన్న పిల్ల "చక్రాలు కావాలి, ఇరుసుకి పుల్ల కావాలి" అనుకోగలిగితే పని మొదలవ్వకముందే పని కనబడినట్టు.

వయసును బట్టి తేడా ఉంటుంది. మూడేళ్ళ పిల్ల వేలు పెట్టి చూపిస్తే చాలు, అదే ప్రణాళిక. ఐదేళ్ళ పిల్ల మూడు నిమిషాల్లో బొమ్మ గీస్తుంది. ఏడేళ్ళ పిల్ల గీసి, పక్కన ఒక మాట రాస్తుంది. బొమ్మ అందంగా రావాలని మొదలుపెడితే అనుకోవడం కాస్తా డ్రాయింగ్ క్లాసు అయిపోతుంది. పిల్ల అనుకున్నది పెద్దవాళ్ళు మార్చకూడదు. "బండి ఎందుకమ్మా, ఇల్లు కట్టు" అని ఒక్కసారి అన్నా, రేపటి నుంచి ఆ పిల్ల తన మనసులోది చెప్పడం మాని మన మొహం చూసి చెబుతుంది.

జులై, ఊడుపులు

తల్లులు పొలాల్లో ఉన్నారు. పెద్దపిల్లలు చంకలో చెల్లెళ్ళనూ తమ్ముళ్ళనూ ఎత్తుకుని వస్తున్నారు. ఏడాదిన్నర, రెండేళ్ళ పిల్లలు గదిలో పాకుతున్నారు కాబట్టి సామానంతా మరోసారి చూశాం. 3 సెంటీమీటర్ల కంటే చిన్నది ఏదీ నేల మీద ఉండకూడదు. చింతపిక్కలు, గవ్వలు మూత బిగుతుగా ఉన్న డబ్బాలోకి వెళ్ళిపోయాయి, ఐదేళ్ళు దాటినవాళ్ళకు ఎత్తుబల్ల మీదే ఇస్తాం. మూడు నాలుగేళ్ళ పిల్లలు గింజను నోట్లోనే కాదు, ముక్కులోనూ చెవిలోనూ పెట్టుకుంటారు.

శ్రీకాకుళం, పలాస వైపు ఈ పని చేసేవాళ్ళకు ముఖ్యమైన మాట. ఇంట్లో ఉన్నాయి కదా అని పచ్చి జీడిపిక్కలు లెక్కలకు ఇవ్వకండి. పెంకులోని జీడి చర్మాన్ని పొక్కులెక్కిస్తుంది. గురువింద గింజలు, ఆముదం గింజలు చూడ్డానికి ఎంత ముచ్చటగా ఉన్నా విషం. గదిలోకే రానివ్వకూడదు.

ఈ నెల అసలు పని పెద్దవాళ్ళ మీద. ప్రశ్న అడిగాక ఎంతసేపు ఆగుతున్నారో ఫోనులో రికార్డు చేసి విన్నాం. సెకను కూడా ఆగడం లేదు. 1970లలో మేరీ బడ్ రో అనే అమెరికన్ పరిశోధకురాలు తరగతి గదుల్లో చూసినదీ ఇదే: టీచర్లు సగటున ఒక సెకను ఆగుతారు. మూడు సెకన్లు ఆగడం మొదలుపెడితే పిల్లల జవాబుల పొడవు పెరుగుతుంది, "తెలీదు" అనడం తగ్గుతుంది, వాళ్ళే ఎదురు ప్రశ్నలు వేస్తారు. ఆగాల్సిన చోట్లు రెండు. ఒకటి ప్రశ్నకూ జవాబుకూ మధ్య. రెండోది జవాబు వచ్చాక మనం నోరు తెరిచే ముందు, ఇది చాలామందికి తట్టదు. పిల్ల సగం చెప్పి ఊపిరి పీల్చుకునేలోగా "శభాష్" అంటే మిగతా సగం గొంతులోనే ఉండిపోతుంది.

ఆగేటప్పుడు పిల్ల కళ్ళలోకి చూడకూడదు, అది తరుముతున్నట్టు ఉంటుంది. పిల్ల చేతిలోని వస్తువును చూడాలి. మనసులో "ఒకటీ, రెండూ, మూడూ" అని దీర్ఘం తీసి లెక్కపెట్టుకోవడం అన్నిటికంటే తేలిక.

ఆగస్టు

నీళ్ళ మూల. రెండడుగుల వెడల్పు ప్లాస్టిక్ టబ్బు, జానెడు లోతు నీళ్ళు. పక్కన పెద్ద మనిషి లేకుండా ఒక్క నిమిషం వదలకూడదు. పని అవ్వగానే నీళ్ళు పారబోసి టబ్బు బోర్లించాలి.

తేలేవి, మునిగేవి అందరూ చేయిస్తారు. కానీ వస్తువులు ఇచ్చే వరస మీదే అంతా ఉంది. మొదట ఇనుప మేకు, చెక్క ముక్క. పిల్లలంతా "బరువుది మునిగిపోద్ది" అన్న చోటికి వస్తారు. రానివ్వాలి, సరిదిద్దకూడదు. తరవాత పెద్ద గుమ్మడికాయ, చిన్న గులకరాయి. గుమ్మడికాయ తేలుతుంది, రాయి మునుగుతుంది. అక్కడ నియమం విరుగుతుంది. ఆ తరవాత స్టీలు చెంచా, స్టీలు గిన్నె. రెండూ స్టీలే, ఒకటి మునుగుతుంది, ఒకటి తేలుతుంది. చివర తొక్కతో కమలాపండు, తొక్క వలిచిన కమలాపండు. వలిస్తే తేలికవ్వాలి కదా, మునిగింది. "ఏటిది?" అని ఒక గుంటడు తీసి, మళ్ళీ వేసి, మళ్ళీ తీసి చూశాడు. ఆ "ఏటిది" కోసమే ఈ వరస అంతా. ఒకే రోజు అన్నీ ఇవ్వకూడదు. ఒక నియమం కుదుటపడాలంటే రెండు మూడు రోజులు పడుతుంది. కుదుటపడని నియమం విరిగినా పిల్లకు ఏమీ అనిపించదు.

వెయ్యకముందే ఏమవుతుందో ఊహించి పలక మీద గుర్తు పెట్టమన్నాం. ఇక్కడ ఒక చిక్కు. ఊహ తప్పగానే పిల్లలు సుద్ద గుర్తును చెరిపేసి మార్చేస్తున్నారు. తప్పంటే తిట్లు అని మూడేళ్ళకే నేర్చుకుని వచ్చారు. అందుకని సుద్ద తీసేశాం. ఊహను దారంతో కట్టాలి: తేలుతుందంటే ఆ వస్తువు బొమ్మకు పసుపు దారం, మునుగుతుందంటే నీలం దారం. దారం విప్పడం కష్టం కాబట్టి ఊహ ఊహగానే మిగులుతుంది. తరవాత "ఎవరిది రైటు?" అని అడగం. "నువ్వు అనుకున్నదానికి, జరిగినదానికి తేడా ఎందుకొచ్చింది?" అని అడుగుతాం. గట్టిగా నెల పట్టింది గానీ ఇప్పుడు తేడా వచ్చిన బొమ్మలనే ముందు చూపిస్తున్నారు.

ఇదే నెలలో సాయం మెట్లు అట్ట మీద రాసి గోడకు కొట్టాం, పెద్దవాళ్ళ కోసం. పిల్ల ఇరుక్కుంటే మొదటి మెట్టు ఊరికే చూడటం, మనసులో ఇరవై లెక్కపెట్టేదాకా. రెండోది చూసింది చెప్పడం: "బండి కుడిపక్కకి ఒరుగుతోంది." మూడోది ప్రశ్న: "నిన్న ఒరిగినప్పుడు ఏం చేశావు?" నాలుగోది రెండు దారులు చూపించి ఎంచుకోమనడం. ఐదోది ఒక్క ముక్క మనం చేసి మిగతాది వదిలెయ్యడం. ఆరోది మొత్తం చేసి చూపించి, విప్పేసి, పిల్ల చేతికి ఇవ్వడం. ఆ విప్పడం మరిచిపోతే అది మన బండి అవుతుంది. పిల్ల అందుకోగానే ఒక మెట్టు కిందికి దిగిపోవాలి. 1976లో వుడ్, బ్రూనర్, రాస్ అనే ముగ్గురు చెక్క దిమ్మలతో పిరమిడ్ కట్టే 3, 4, 5 ఏళ్ళ పిల్లలను గమనించి రాసిన సాయం పద్ధతి సారం ఇదే. మెట్లు తెలియనివాళ్ళు ఎవరూ లేరు. మొదటి మెట్టు మీద నిలబడలేకపోవడమే చిక్కు. ముఖ్యంగా పిల్ల మొహం ముడుచుకోగానే చెయ్యి దానంతటదే వెళుతుంది. మొహం ముడుచుకోవడం వేరు, ఏడుపు వేరు. ముడుచుకున్నదంటే పని జరుగుతోంది. కళ్ళు పని మీద నుంచి పక్కకు తప్పుకున్నాయంటే రెండో మెట్టు ఎక్కాల్సిన వేళ అన్నమాట.

సెప్టెంబరు

గదిలో గొణుగుడు పెరిగింది. మంచి సూచన. కట్టుడు మూలలో ఐదేళ్ళ పిల్ల ఎవరితోనూ కాకుండా తనలో తను: "ఇదిక్కడ పెట్టీసి… కాదు కాదు, పడిపోద్ది… అటేపు తిప్పాల." నాలుగు నుంచి ఆరేళ్ళ మధ్య పిల్లలు ఇలా పైకి మాట్లాడుకుంటూనే తమ చేతిని నడిపించుకుంటారని రష్యన్ మనస్తత్వవేత్త వైగోట్‌స్కీ చెప్పాడు. కొన్నాళ్ళకు ఆ మాటే లోపలికి దిగి మౌనమైన ఆలోచన అవుతుంది. "సైలెన్స్!" అని కేకేస్తే ఆగేది అల్లరి కాదు, ఆలోచన. భాషనూ దిద్దకూడదు. "తిప్పాల" కాదు "తిప్పాలి" అంటే పిల్ల ధ్యాస గోడ మీది నుంచి మాట మీదికి పోతుంది. సవర గిరిజనుల ఇళ్ళ నుంచి వచ్చే పిల్లలైతే సవర భాషలోనే గొణుక్కోనివ్వాలి.

ఆటలు. తమను తాము ఆపుకోవడానికి డప్పు ఆట: డప్పు గబగబా మోగితే మెల్లగా నడవాలి, మెల్లగా మోగితే గబగబా నడవాలి. ముందు మామూలుగా ఆడించి, బాగా అలవాటయ్యాకే తిరగెయ్యాలి. మొదటే తిరగేస్తే ఆపుకోవడానికి అలవాటంటూ ఏమీ ఉండదు.

ఆరేళ్ళు దాటినవాళ్ళకు వామనగుంటలు. పీట మీద ఉండే పద్నాలుగు గుంటలు వాళ్ళకు ఒకేసారి ఎక్కువ. కోడిగుడ్ల అట్ట కత్తిరించి వరసకు మూడు చొప్పున ఆరు గుంటలు, గుంటకు మూడు చింతపిక్కలు. గింజలు తీసే ముందు "చివరి గింజ ఏ గుంటలో పడుతుంది?" అని చెప్పి అక్కడ ఒక గవ్వ పెట్టాలి. ఆ గవ్వ పెట్టకపోతే అది ఒట్టి చేతుల ఆటే. పెడితే ముందుచూపు ఆట.

పొడుపు కథలు ఇంటి నుంచే తెచ్చుకున్నాం, నాన్నమ్మలు, అమ్మమ్మలు చెప్పినవి. "కిటకిట తలుపులు, కిటారి తలుపులు, ఎప్పుడు మూసినా చప్పుడు కావు." జవాబు తెలిసిన పిల్ల అరిచేస్తే మిగతావాళ్ళ ఆలోచన అక్కడితో ఆగిపోతుంది. అందుకని జవాబు అడగం. "తలుపు అనుకుంటే ఏ మాట కుదరదు?" అని అడుగుతాం. "చప్పుడు కావు" దగ్గర తలుపు కొట్టుకుపోతుంది. "కిటికీ?" అదీ పోతుంది. ఒక్కో ఆధారానికీ ఒక్కో జవాబును తీసెయ్యడం నేర్చుకుంటున్నారు. కనురెప్పల దాకా రావడం ఆలస్యమైనా పరవాలేదు.

అక్టోబరు, సిరిమాను

విజయదశమి తరవాతి మంగళవారం విజయనగరంలో పైడితల్లమ్మ సిరిమానోత్సవం. బండికి అమర్చిన పొడవాటి మాను (సిరిమాను) కొన మీద పూజారిని కూర్చోబెట్టి ఊరేగిస్తారు, దాని ముందు తెల్ల ఏనుగు, బెస్తల వల నడుస్తాయి. చూసొచ్చిన పిల్లలు కట్టుడు మూలను ఆక్రమించేశారు. ఒకరు తెల్ల ఏనుగు, ఇద్దరు బెస్తల వల, మిగతా అందరూ సిరిమానే. అనుకున్న పాఠాలు పక్కన పెట్టి ఈ నెలంతా దీనికే ఇచ్చాం. ఇంతకంటే మంచి లెక్క ఊళ్ళో దొరకదు.

సామాను: 60 సెంటీమీటర్ల సరుగుడు పుల్ల (దాదాపు 60 గ్రాములు), కొనకు 50 గ్రాముల మట్టిబొమ్మ, అట్టపెట్టె బండి, ఇరుసుకు సైకిలు ఊచ. పుల్లకు మొదలు నుంచి 15, 20, 25 సెంటీమీటర్ల దగ్గర మూడు బెజ్జాలు, 4 మిల్లీమీటర్లవి, పెద్దవాళ్ళే పెట్టాలి. బెజ్జం బిగుతుగా ఉంటే పుల్ల ఎలా పెట్టినా నిలబడి అబద్ధపు జవాబు ఇస్తుంది. ఊచ సులువుగా తిరగాలి.

మొదట అందరి సిరిమానూ కొన కిందికి వాలిపోయింది. వెంటనే కొందరు బొమ్మను చేత్తో ఎత్తి పట్టుకున్నారు. ఒకడు తాడేసి బండికి కట్టేశాడు. అదీ జవాబే, కాదనలేదు. రెండో మెట్టు మాట ఒకటే వాడాం: "కొన బరువుగా ఉంది, మొదలు తేలిగ్గా ఉంది." ఆ తరవాత ఇసుక సంచుల బుట్ట దగ్గర పెట్టి పక్కకు తప్పుకున్నాం.

ఇక్కడ పెద్దవాళ్ళకు లెక్క తెలిసుండాలి. పిల్లలకు చెప్పడానికి కాదు, సంచులు సరిగ్గా కుట్టడానికి. 15 దగ్గర ఇరుసు పెడితే మొదలుకు సుమారు 210 గ్రాములు కావాలి. 20 దగ్గరైతే 130, 25 దగ్గరైతే 82. అందుకని 50, 100 గ్రాముల సంచులు కుట్టాం. 15 బెజ్జంతో రెండు వందలు వేస్తే నిలిచినట్టే నిలిచి మెల్లగా వాలుతుంది. ఇంకో యాభై వేస్తే కొన పైకి లేస్తుంది. కేవలం 10, 20 గ్రాముల సంచులే ఇచ్చి ఉంటే చాలా సంచులు వేసేదాకా కదలక పిల్లలు విసిగిపోయేవారు. అన్నీ 250వే ఇచ్చి ఉంటే మొదటిసారే లేచిపోయి ఆలోచించే పనే ఉండేది కాదు.

సంచులతోనే ఎక్కువమంది నెగ్గారు. ఊచను పక్క బెజ్జంలోకి మార్చాలన్నది ఒక ఆరేళ్ళ పిల్లకు తట్టింది, అదీ సంచులు పక్క జట్టు తీసుకుపోయినందువల్ల. "సంచి లేదుగా, మేకు జరిపీసినాను" అంది. కొరత కొన్నిసార్లు ఉండాలి. అన్నీ అందుబాటులో ఉంటే రెండో దారి ఎవరూ వెతకరు.

ఆపిన పని మరునాటికి ఉండాలి. లేకపోతే ఎవరూ పెద్ద పని తలపెట్టరు. 40 × 30 సెంటీమీటర్ల ప్లైవుడ్ పలకల మీద కట్టిస్తున్నాం, సగంలో ఆగితే గుర్తు చీటీ పెట్టి పలకతో సహా అరలోకి ఎక్కిస్తారు. గది ఊడ్చే ఆవిడకు ఈ చీటీల సంగతి మొదటి రోజే చెప్పాలి.

నవంబరు

చెప్పుకోవడం ఇప్పటికీ బలహీనంగా ఉంది. రోజుకు ముగ్గురే చెబుతారు, మిగతావాళ్ళు పక్కవాళ్ళతో జతగా. చేసిన వస్తువును చేటలో పెట్టి మధ్యలో ఉంచుతాం. ప్రశ్నలు మూడు: ఏం అనుకున్నావు, ఎక్కడ ఆగింది, రేపు ఏం మారుస్తావు. "ఎక్కడ ఆగింది" అన్నదానికి మొదట్లో అందరూ "ఆగలేదు" అనేవారు. పెద్దవాళ్ళు తమ పని గురించి నిజం చెప్పడం మొదలుపెట్టాక (టబ్బు కారడం, అట్ట ఊడిపోవడం) పిల్లలూ చెప్పసాగారు.

నోటుబుక్కు: రోజుకు ముగ్గురు పిల్లల మీద తలా రెండు వాక్యాలు. "బాగా చేశాడు" అని రాస్తే పనికిరాదు. ఇలా రాయాలి: "తనే మొదలుపెట్టింది. గోడ రెండుసార్లు కూలింది. మూడోసారి అడుగున పెద్ద దిమ్మలు వేసింది. రెండో మెట్టు." మెట్టు నంబరు వారాలు గడిచేకొద్దీ తగ్గుతోందా అన్నదే మా కొలత.

తల్లిదండ్రులు అడుగుతున్నారు: "అ ఆలు ఎప్పుడు రాయిస్తారు టీచరమ్మా?" న్యాయమైన ప్రశ్నే. గీత మూలలో పిల్లలు తమ బొమ్మల పక్కన రాసుకున్న మాటలు చూపించాం. వినడం కంటే చూడటం వాళ్ళకు నమ్మకం కలిగించింది. ఇంటికి ఒకే పని చెప్పి పంపాం: రేపు బడికి ఏమేం కావాలో రాత్రే పిల్లే చెప్పి సర్దుకోవాలి, మరిచిపోతే మరిచిపోనివ్వాలి. ఆ రెండో సగం ఇళ్ళల్లో కష్టంగా ఉంది. తల్లి మనసు ఒప్పుకోక సీసా తెచ్చి ఇస్తోంది.

డిసెంబరు, సంక్రాంతి సెలవుల ముందు

మూడేళ్ళ పిల్లలకు 45 నిమిషాల తరవాత అడిగితే మొదట అనుకున్నది గుర్తుండటం లేదు. వాళ్ళ వరకు చెప్పుకోవడాన్ని పని మధ్యలోకి తెస్తున్నాం. వస్తువు ఇంకా చేతిలో ఉండగానే పక్కన కూర్చుని "ఇదేం చేశావు తల్లీ?" అని ఒక్క ప్రశ్న. జనవరిలో దాన్ని ఐదుగురితో చూస్తాం. దిమ్మల్లో పదకొండు అంచులు చీలాయి, 120 ఉప్పుకాగితం మళ్ళీ కావాలి. వామనగుంటల అట్టలు మెత్తబడ్డాయి, వాటి బదులు వడ్రంగి చేత వేపచెక్కలో ఆరు గుంటలు తొలిపిస్తున్నాం, గుంట వెడల్పు 6 సెంటీమీటర్లు, లోతు 2. లోతు అంతకు మించితే చిన్న వేళ్ళకు గింజ అందదు.